పత్తి సాళ్లలో రోబో దారి తప్పితే: సమస్య - పరిష్కారం

వరంగల్, హనుమకొండ ప్రాంతాల ఇంజినీరింగ్ విద్యార్థులు చివరి ఏడాది ప్రాజెక్టుగా పత్తి చేలో తిరిగే చిన్న రోబోను ఎంచుకుని సలహా కోసం వచ్చినప్పుడు, వారు చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే ఉంటుంది. ల్యాబులో గచ్చుమీద తిన్నగా నడిచిన బండి, గుంటుక తోలిన చేలో పది అడుగులు పోకముందే వంకర తిరుగుతోందని అంటారు. వెంటనే అందరి చెయ్యీ పీఐడీలోని (దారి తప్పిన మేరకు మోటారును దిద్దే లెక్కలోని) కేపీ, కేఐ, కేడీ విలువల మీదికి పోతుంది. కేపీ ఇప్పటి పొరపాటుకు, కేఐ కూడుతూ వచ్చిన పొరపాటుకు, కేడీ పొరపాటు మారే వేగానికి ఇచ్చే బరువు. నేను చూసినంతవరకు ఆ విలువలు తప్పయిన సందర్భాలకన్నా కరెంటు సరఫరాలోనో, స్క్రూలోనో, ప్రోగ్రాం సమయపాలనలోనో తప్పు ఉన్న సందర్భాలే ఎక్కువ. కాబట్టి కింది లక్షణాల్లో ఏది కనిపించినా, అందులో చెప్పిన తనిఖీలన్నీ అయ్యేవరకు ఆ మూడు విలువలను ముట్టుకోవద్దని నా మనవి.

ఇక్కడ నమూనాగా తీసుకున్న బండికి రెండు డీసీ గేర్ మోటార్లు, వాటి వెనుక ఎన్‌కోడర్లు (తిరిగిన చుట్లను లెక్కపెట్టే సెన్సర్లు), మూడు లిథియం సెల్లుల 11.1 వోల్టుల బ్యాటరీ, ఆర్డుయినో తరహా బోర్డు ఉన్నాయనుకుందాం.

లక్షణం: మోటార్లు కదలగానే బోర్డు రీసెట్ అవుతుంది

ఆగి ఉన్న మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో, మామూలుగా నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. రెండు మోటార్లూ ఒకేసారి లాగితే బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా కుంగి, అదే తీగల మీద ఆధారపడిన బోర్డు ఆరిపోయి మళ్లీ మొదటినుంచి లేస్తుంది. ఈ కుంగుబాటు కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది కాబట్టి మల్టీమీటరులో కనబడదు, మీటరు నిబ్బరంగా 11 వోల్టులు చూపిస్తూనే ఉంటుంది. బోర్డుకు విడిగా ఒక బక్ కన్వర్టర్ (వోల్టేజీని తగ్గించి ఇచ్చే పరికరం) పెట్టి, దాని తీగలను మోటారు డ్రైవర్ (మోటారుకు కరెంటు అందించే బోర్డు) నుంచి కాకుండా నేరుగా బ్యాటరీ దగ్గరినుంచే తీసుకోవాలి. డ్రైవర్ టెర్మినళ్ల దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేయాలి. ప్రోగ్రాంలో వేగాన్ని సున్నా నుంచి ఒకేసారి పైకి ఎత్తకుండా, 300 మిల్లీసెకన్లలో మెల్లగా పెంచాలి. బ్రెడ్‌బోర్డు జంపర్ వైర్లతో మోటారు కరెంటు నడపడం ల్యాబులో చెల్లవచ్చు గాని చేలో చెల్లదు.

ఎల్298ఎన్ డ్రైవర్ వాడుతున్నవారు ఇంకొకటి గమనించాలి. అది 1 ఆంపియర్ కరెంటు దగ్గరే సుమారు 2 వోల్టులు తనలోనే వేడిగా పోగొట్టుకుంటుంది. తడి రేగడిలో బండికి బలం చాలడం లేదనిపిస్తే, మోటారు మార్చేముందు తక్కువ వోల్టేజీ పోగొట్టే మాస్‌ఫెట్ రకం డ్రైవర్ వేసి చూడండి.

లక్షణం: ఎన్‌కోడర్ లెక్క సరిగ్గానే ఉంది, బండి మాత్రం ఒక పక్కకు లాగుతుంది

హసన్‌పర్తి దగ్గరి ఒక చెల్కలో ఒక బృందం రెండు రోజులపాటు కేపీ మారుస్తూ కూర్చుంది. తెర మీద రెండు చక్రాల వేగాలూ సరిసమానంగా ఉన్నాయి, బండి మాత్రం ఎడమకు పోతూనే ఉంది. చివరికి చక్రాన్ని చేత్తో గట్టిగా పట్టుకుని మోటారు తిప్పితే, చక్రం ఆగి ఉండగానే ఇరుసు లోపల జారుతూ తిరిగింది. కప్లింగ్‌ను (చక్రాన్ని ఇరుసుకు కలిపే భాగాన్ని) ఇరుసుకు బిగించే చిన్న స్క్రూ వదులైంది. ఎన్‌కోడర్ మోటారు వెనుక ఉంటుంది కాబట్టి అది లెక్కించేది మోటారు తిరుగుడునే గాని చక్రం తిరుగుడును కాదు. మధ్యలో ఏది జారినా నియంత్రణ ప్రోగ్రాంకు తెలిసే వీలు లేదు.

దీనికి స్క్రూ మొన ఇరుసు మీది చదునైన ముఖానికే తగిలేలా తిప్పి బిగించాలి. ఆ తర్వాత ఇరుసు మీదుగా కప్లింగ్ దాకా గోళ్ల రంగుతో ఒక సన్నని గీత గీయాలి. చేలో ప్రతి పరుగు తర్వాత ఆ గీతను చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే స్క్రూ మళ్లీ జారిందన్నమాట. ఇంతకన్నా చవకైన, నమ్మదగిన పరీక్ష నాకు తెలియదు.

ఎన్‌కోడర్ లెక్కనే అనుమానించాల్సి వస్తే, మోటారుకు కరెంటు ఇచ్చి చక్రాన్ని కచ్చితంగా పది చుట్లు తిప్పి చూడాలి. మోటారు చుట్టుకు 11 పల్సులు, రెండు చానళ్ల అంచులన్నీ కలిపి నాలుగింతలు, గేరు నిష్పత్తి 1:90 అయితే చక్రం ఒక చుట్టుకు 3,960, పది చుట్లకు 39,600 రావాలి. ఎక్కువ వస్తే మోటారు బ్రష్‌ల నుంచి వచ్చే విద్యుత్ రొద ఎన్‌కోడర్ తీగల్లోకి దూరుతోందని అర్థం. మోటారు రెండు కొనల మధ్య 104 అని అచ్చు వేసిన చిన్న సిరామిక్ కెపాసిటర్ అతికి, ఎన్‌కోడర్ తీగలను మోటారు తీగలకు దూరంగా నడిపించాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, వాన పడిన మర్నాడే బండి తప్పుతుంటే చక్రాలను చూడండి. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రానికి చుట్టూ అర సెంటీమీటరు రేగడి అంటుకుంటే వ్యాసం 11 సెంటీమీటర్లవుతుంది. అప్పుడు ఎన్‌కోడర్ 50 మీటర్లని చెప్పేసరికి బండి 55 మీటర్లు పోయి సాలు దాటి గట్టెక్కుతుంది. ఒక చక్రానికే అంటుకుంటే రెండో చక్రం వైపు తిరుగుతుంది. చక్రానికి ఆనీ ఆననట్టు ఒక గీకుడు పట్టీ అమర్చాలి, దిశ కోసం ఎన్‌కోడర్లతోపాటు బండి తిరుగుడును కొలిచే జైరో సెన్సరును కూడా చూడాలి, ప్రతి సాలు చివర దూరం లెక్కను సున్నాకు తేవాలి.

లక్షణం: బండి పాములా ఊగుతూ పోతుంది

కేపీ ఎక్కువైతే ఊగుతుందన్నది నిజమే. కాని కేపీని సగానికి తగ్గించినా ఊపు తగ్గకుండా, కాసేపు బాగా నడిచి కాసేపు ఊగుతుంటే, కారణం ఆలస్యం. పీఐడీ లెక్క ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి జరుగుతోందని మనం అనుకుంటాం. అదే లూపులో తప్పు కనిపెట్టడానికి 40 అక్షరాల వరుసను సెకనుకు 9600 బిట్ల వేగంతో కంప్యూటరు తెర మీది సీరియల్ మానిటరుకు పంపుతుంటే, ఒక్కో అక్షరానికి దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది. పంపాల్సిన అక్షరాలు వేచి ఉండే 64 బైట్ల బఫర్ నిండిన తర్వాత ప్రోగ్రాం ఆ 40 మిల్లీసెకన్లూ అక్కడే నిలబడిపోతుంది. ప్రతిధ్వని వచ్చే సమయంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరుదీ ఇదే తీరు. 4 మీటర్ల దూరంలోని అడ్డంకి నుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికే 23 మిల్లీసెకన్లు కావాలి. ఇలా 10 అనుకున్నది ఒకసారి 40, ఒకసారి 60 అవుతుంటే దిద్దుబాటు పాత స్థితికి అందుతుంది. ఎడమకు పోయిన బండి తనంతట తాను తిరిగి వచ్చేశాక మనం కుడికి తోస్తాం. సమయాన్ని 10గా తీసుకుని చేసిన కేడీ లెక్క కూడా తప్పుతుంది.

పరిష్కారం: లూపు మొదట్లో మైక్రోసెకన్ల గడియారం చదివి, రెండు పరుగుల మధ్య పట్టిన అత్యధిక సమయాన్ని ఒక చరరాశిలో ఉంచుకుని, బండి ఆగిన తర్వాత మాత్రమే ముద్రించండి. అది 10 మిల్లీసెకన్లు దాటితే పీఐడీని టైమర్ ఇంటరప్టు (మిగతా పనిని ఆపి సమయానికి పిలిచే ఏర్పాటు) ఆధారంగా నడపాలి, సీరియల్ వేగాన్ని 115200కు పెంచి పది పరుగులకు ఒకసారే పంపాలి, ప్రతిధ్వని కోసం ఎదురుచూడడం మానేసి దాన్నీ ఇంటరప్టుకే అప్పగించాలి.

ఇదంతా అయ్యాకే విలువల సర్దుబాటు. 1942లో జీగ్లర్, నికోల్స్ చూపిన పద్ధతిలో కేఐ, కేడీలను సున్నా చేసి, బండి ఆగకుండా ఒకే తీరున ఊగేదాకా కేపీ పెంచి, ఆ విలువలో 0.6 వంతును కేపీగా తీసుకుంటారు. మట్టి మీద ఆ విలువ దూకుడుగా ఉంటుంది కాబట్టి నేనైతే దానిలో సగంతో మొదలుపెడతాను. మొక్కలున్న సాళ్లలో కాకుండా ఖాళీ చెల్కలోనే ఈ పరీక్ష చేయాలి.

లక్షణం: మట్టిపెళ్లకు తగిలి ఆగిన బండి, విడిపడగానే ముందుకు దూకుతుంది

చక్రం ఆగి ఉన్నంతసేపూ పొరపాటు కూడుకుంటూ కేఐ పద్దు పెరిగిపోవడమే దీనికి కారణం. మోటారుకు ఇచ్చే విలువ గరిష్ఠమైన 255కు చేరినప్పుడు ఆ కూడికను ఆపివేయాలి, మొత్తానికి ఒక పైహద్దు కూడా పెట్టాలి.

లక్షణం: సాయంత్రం బాగుండి, మధ్యాహ్నం ఎండలో తప్పుతుంది

అల్ట్రాసోనిక్ సెన్సరు లెక్క ధ్వని వేగం మీద ఆధారపడుతుంది, ఆ వేగం 45 డిగ్రీల ఎండలో సెకనుకు సుమారు 359 మీటర్లు. మైక్రోసెకన్లలోని సమయాన్ని 58తో భాగించి సెంటీమీటర్లు తేల్చే మామూలు సూత్రం దాన్ని 345గానే తీసుకుంటుంది కనుక 2 మీటర్ల అడ్డంకి 192 సెంటీమీటర్ల దగ్గర ఉన్నట్టు కనబడుతుంది. ఉష్ణోగ్రతను 0.606తో గుణించి 331.3కు కలిపితే సరైన వేగం వస్తుంది, థర్మామీటరును మాత్రం నీడలో ఉంచాలి. ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ల మీద ఎండలోని ఇన్‌ఫ్రారెడ్ కాంతి కూడా పడి లెక్క తప్పుతుంది. వాటి ఎల్ఈడీ వెలిగించి ఒకసారి, ఆర్పి ఒకసారి చదివి తేడా తీయాలి, చుట్టూ నల్లని రబ్బరు తెర వేలాడదీయాలి. లిథియం సెల్లులను 45 డిగ్రీలకు పైన చార్జ్ చేయకూడదు. మే నెలలో పరీక్ష ముగిసిన వెంటనే చార్జరుకు తగిలించకుండా, బ్యాటరీని నీడలో పెట్టి చేత్తో తాకితే చల్లగా అనిపించేదాకా ఆగండి.