తోటకు తొలి ట్రాక్టర్ – మూడో పాఠం: రోటవేటర్ ప్యాకేజీ వద్దు

రెండో పాఠం చివర ఇచ్చిన పని చిన్నదే. తోటలో బండి తిరగాల్సిన దారుల వెడల్పు కొలిచి రాసుకోండి, బండి పేరు మాత్రం ఇప్పుడే అడగకండి అన్నాను. కొలతలు కొందరే పంపారు. బండి పేరు అందరూ అడిగారు. వచ్చిన కొలతల్లోనూ సగం పనికొచ్చేవి కావు. అందుకని ఈసారి చెబుదామనుకున్న టైర్లు, గేర్ల సంగతి వాయిదా వేసి, ముందు ఆ కొలతలు సరిచేసుకుందాం.

"జీడిమామిడి చెట్ల మధ్య 26 అడుగులుందండీ, ఏ ట్రాక్టరైనా పోతుంది" అని విశాఖ దగ్గరి ఆనందపురం వైపు నుంచి ఒకాయన రాశారు. అది మొదలుకీ మొదలుకీ మధ్య దూరం. జీడిమామిడిని 8 మీటర్ల ఎడంలో వేయడం మామూలే కాబట్టి టేపు పట్టకుండానే ఆ అంకె చెప్పొచ్చు. కానీ బండి వెళ్లాల్సింది కొమ్మల మధ్యలోంచి. కాపుకొచ్చిన జీడి చెట్టు కొమ్మలు అన్ని వైపులా పదేసి అడుగులు సాగి, చివర్లు నేల మీదికి వాలిపోతాయి. ఇటు పది, అటు పది తీసేస్తే మిగిలేది ఆరడుగులు. 45 హెచ్‌పీ బండి వెడల్పే ఇంచుమించు ఐదున్నర, ఆరడుగులు ఉంటుంది. అది ఆ వరసలోకి దూరిందంటే ఒకవైపు పూతకొమ్మలు విరగాలి, లేదా డ్రైవర్ మొహం గీసుకుపోవాలి. రెండూ జరుగుతాయి. 24 హెచ్‌పీ కాంపాక్ట్ బండి మూడున్నర, నాలుగడుగుల్లో ఒదిగిపోతుంది.

కొబ్బరి తోటల వాళ్లకు కొమ్మల బాధ లేదు. వాళ్లకు అడ్డొచ్చేవి పాదుల గట్లు, డ్రిప్ పైపులు. మామిడి వాళ్లు 10 మీటర్ల ఎడం ఉందని ధీమాగా ఉంటారు కానీ పాత తోటల్లో ఎడం కాదు, ఎత్తు చూసుకోవాలి. సీటు మీద కూర్చున్న మనిషి తల కొమ్మ కింద నుంచి పోతుందా లేదా? సరుగుడు ఒక్కటే వేసినవాళ్లు ఈ పాఠాలు చదవక్కర్లేదు. చెట్లు కమ్ముకున్నాక ఆ వరసల్లోకి ఏ బండీ దూరదు, దూరాల్సిన పనీ ఉండదు.

గేటు కొలత ఇంకో తమాషా. "పదడుగుల గేటు" అని నలుగురు రాశారు. గేటు ముందున్న డొంక వెడల్పు ఒక్కరూ రాయలేదు. ఎనిమిదడుగుల డొంకలోంచి గేటులోకి అడ్డంగా తిరగాలంటే గేటు వెడల్పుతో పాటు బండి పొడవూ లెక్కే. వెనక పనిముట్టు తగిలించాక చిన్న బండి కూడా పన్నెండు, పదమూడు అడుగులు అవుతుంది. వాన పడితే పక్క కాలువలోకి జారే డొంకలైతే మరీ కష్టం. ఇంకో రెండు కొలతలు కూడా కావాలి: తోటకు వచ్చే దారిలో గెడ్డ (వాగు) మీద తూములు వేసి కట్టిన వంతెన ఉంటే దాని వెడల్పు, రాత్రి బండి పెట్టే షెడ్డు ఎత్తు.

ఎకరాలకూ హెచ్‌పీకీ చుట్టరికం లేదు

"మూడెకరాలకు ఎన్ని హెచ్‌పీ?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఎకరాలను బట్టి తేలేది గంటలు మాత్రమే. లెక్క వేసి చూడండి.

నాలుగడుగుల వెడల్పున్న గడ్డి కోసే స్లాషర్‌తో గంటకు 3 కిలోమీటర్ల వేగంలో వెళ్తే, మలుపులు, ఒకదానిమీదొకటి పడే పట్టీలు పోను గంటకు సుమారు 60 సెంట్లు అవుతుంది. మూడెకరాలకు ఐదు గంటలు. ఐదడుగుల స్లాషర్‌తో, దాన్ని లాగే పెద్ద బండితో అదే పని నాలుగు గంటల్లో అవుతుంది. మన దగ్గర జూన్ నుంచి డిసెంబరు దాకా నాలుగు కోతలు వేసుకున్నా ఏడాది మొత్తంలో మిగిలేది నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల కోసం లక్షలు ఎక్కువ పెట్టి, కొమ్మలు విరగ్గొట్టుకుని, గేటు స్తంభం పగలగొట్టుకోవాలా?

దుక్కి, లోతు దున్నకం అని అడగబోతున్నారు. ఏడాదికోసారి వచ్చే పనికి ఊళ్లో పెద్ద బండిని గంటల లెక్కన పిలవండి. సొంత బండి నెలనెలా వచ్చే పని కోసం. తోట సంరక్షణలో నెలనెలా వచ్చేది గడ్డి. నేనైతే ట్రాలీని కూడా అద్దెకే పిలుస్తాను.

అసలు మోసపోయేది ఇక్కడే

నాకు ఒళ్లు మండే సంగతి ఇది. షోరూంకు వెళ్లగానే "చిన్న బండికి మూడడుగుల రోటవేటర్ కలిపి ప్యాకేజీ" అంటారు. రోటవేటర్ అంటే బ్లేడ్లు గిరగిరా తిరిగి నేలను పొడి చేసే పనిముట్టు. అది లేని ట్రాక్టర్ ట్రాక్టరే కాదన్నట్టు మాట్లాడతారు. మీలో ముగ్గురు అప్పుడే అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. ఇవ్వనివాళ్లు కాస్త ఆగండి.

వరి మడికి, కూరగాయల మళ్లకు, కొత్తగా మొక్కలు నాటబోయే నేలకు రోటవేటర్ మంచి పనిముట్టే. కాపుకొచ్చిన తోటలో గడ్డి తీయడానికి అది పనికిరాదు. పనికిరాకపోవడమే కాదు, చెరుపు చేస్తుంది. ఎలాగంటే:

మొదటిది నేల. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు మెట్ట చాలావరకు ఎర్రనేల, పైగా వాలు. రోటవేటర్ తిరిగాక పైమట్టి రవ్వలా పొడి అయిపోతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ మర్నాడు పెద్దవాన పడితే ఆ రవ్వంతా గట్టు దాటి పక్కవాడి పొలంలో తేలుతుంది. విశాఖలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన కురిసే వానలో ఎక్కువ భాగం జూన్, నవంబరు మధ్యే పడుతుంది. మీరు గడ్డి తీయాలనుకునేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. వాన నీరు ఎర్రమట్టిని ఎలా కోస్తుందో తెలియాలంటే భీమిలి రోడ్డు పక్కన ఎర్రమట్టి దిబ్బల్లో ఒక్కసారి దిగి నడవండి. నేలను పట్టుకుని ఉండేది ఆ గడ్డి వేళ్లే. గడ్డిని కురచగా ఉంచాలి కానీ పీకేయకూడదు.

రెండోది వేళ్లు. జీడికైనా మామిడికైనా నీరు, ఎరువు పీల్చే సన్నవేళ్లు పైపొరల్లోనే ఎక్కువ. నాలుగైదు అంగుళాల లోతున బ్లేడ్లు తిరిగితే ముందు తెగేవి అవే. ఎరువు వేసిన నెలలో రోటవేటర్ తిప్పడమంటే అన్నం పెట్టి మూతి కట్టేయడమే.

మూడోది తుంగ. దీన్ని ఎంత చెప్పినా నమ్మరు. తుంగ గడ్డలు నేలలో ఒకదానికొకటి సన్నటి తీగలతో కలిసి గొలుసుగా ఉంటాయి. గొలుసు కలిసి ఉన్నంతకాలం చాలా గడ్డలు మొలవకుండా నిద్రపోతాయి. రోటవేటర్ ఆ గొలుసును ముక్కలు చేసి తోటంతా చల్లుతుంది. తెగిన గడ్డలు విడివిడిగా మొలుస్తాయి. "రోటవేటర్ కొట్టించాను, మూడు వారాలకు ఇంకా ఒత్తుగా వచ్చింది" అని రాసినామె సరిగ్గా ఇదే చూశారు. గరికా అంతే, కణుపున్న ప్రతి ముక్కా వేరు పోసుకుంటుంది. వయ్యారిభామ (పార్థీనియం కలుపు) విత్తనాలు లోపల నిద్రపోతుంటే తవ్వి పైకి తెచ్చి వెలుతురు చూపిస్తాం.

నాలుగోది, మళ్లీ మళ్లీ ఒకే లోతున బ్లేడ్లు నేలను అదిమి రుద్దడం వల్ల ఆ లోతు కింద గట్టిపొర కడుతుంది. వాన నీరు కిందికి దిగదు, పక్కకు పారుతుంది. అంటే మళ్లీ మొదటి సంగతికే వచ్చాం.

స్లాషర్‌తో తుంగ చస్తుందా? చావదు. కానీ ఊరంతా పాకదు. వయ్యారిభామను పూత రాకముందే కోయాలి. పూత వచ్చాక కోస్తే విత్తనం మీ చేతులతో చల్లినట్టే, పుప్పొడితో తుమ్ములు, దురదలు అదనం. మంటల భయానికి తోట సరిహద్దు వెంబడి జనవరి, ఫిబ్రవరిలో గడ్డి లేకుండా ఒక పట్టీ దున్నించుకోవాలి, అది నిజమే. దానికి అద్దె గొర్రు చాలు.

స్లాషర్‌ను బట్టి బండి

మీ ఆరడుగుల సందుకు నాలుగడుగుల స్లాషర్ సరిపోతుంది. వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు ఎంతుందో, స్లాషర్ కోత వెడల్పు దానికంటే కాస్త ఎక్కువ ఉండాలి. తక్కువుంటే టైరు తొక్కిన గడ్డి పడుకుని, మర్నాటికి లేచి నిలబడుతుంది. నాలుగడుగుల స్లాషర్ తిప్పడానికి పీటీఓ (ఇంజిన్ శక్తిని వెనక పనిముట్టుకు అందించే ఇరుసు) దగ్గర 20 హెచ్‌పీ ఉంటే హాయి. బ్రోషర్ మీద పెద్దక్షరాల్లో ఉండేది ఇంజిన్ హెచ్‌పీ, పీటీఓకు చేరేది అందులో ఇంచుమించు 85 శాతం. కాబట్టి 24 హెచ్‌పీ తరగతి. మహీంద్రా జీవో 245, కుబోటా బీ2441 ఈ తరగతివే, రెండూ ఫోర్ వీల్ డ్రైవ్‌లో వస్తాయి. 15 హెచ్‌పీ స్వరాజ్ 717, మహీంద్రా యువరాజ్ 215 లాంటివి చదును నేలలో కూరగాయలకు బాగుంటాయి. వాలు తోటలో నడుమెత్తు గడ్డికి నేను తీసుకోను.

ఇప్పుడు డీలర్ చెప్పని ఒక సంగతి. స్లాషర్ బ్లేడ్లు బరువైనవి, నిమిషానికి 540 చుట్లు తిరిగే పీటీఓ నుంచి గేర్‌బాక్సు వాటిని ఇంకా వేగంగా తిప్పుతుంది. సింగిల్ క్లచ్ బండిలో, అంటే చక్రాలకూ పీటీఓకూ కలిపి ఒకే క్లచ్ ఉన్నదాంట్లో, చెట్టు దగ్గరికి వచ్చి క్లచ్ తొక్కారనుకోండి. ఇంజిన్‌తో లంకె తెగుతుంది, కానీ తిరుగుతున్న బ్లేడ్ల ఊపు పీటీఓ షాఫ్టు మీదుగా వెనక్కి గేర్‌బాక్సులోకి వచ్చి చక్రాలను ముందుకే తోస్తుంది. క్లచ్ తొక్కి ఉన్నా బండి ఒకటి రెండు గజాలు పోతూనే ఉంటుంది. కొత్తవాళ్లు కంగారుపడి స్టీరింగ్ తిప్పుతారు, గట్టు మీదికో బావి మీదికో పోతారు. దీనికి మందు ఓవర్‌రన్నింగ్ క్లచ్ అనే చిన్న ముక్క. షాఫ్టుకూ పీటీఓకూ మధ్య తొడుగుతారు, బ్లేడ్లు తమంతట తాము తిరిగి ఆగుతాయి, చక్రాలకు తోపు తగలదు. స్లాషర్ కొనేటప్పుడే అది ఉందో లేదో అడగండి. చక్రాలకూ పీటీఓకూ వేర్వేరుగా పనిచేసే డ్యూయల్ క్లచ్ గానీ, విడి పీటీఓ గానీ ఉన్న బండికి ఈ గొడవ లేదు.

షాఫ్టు మీద ప్లాస్టిక్ కవరు, స్లాషర్ చుట్టూ గొలుసుల తెర లేకుండా తీసుకోవద్దు. గడ్డిలో దాగిన హద్దు రాయికి బ్లేడు తగిలితే ముక్క ఎటు పోతుందో చెప్పలేం. కోత మొదలెట్టే ముందు హద్దు రాళ్లకు సున్నం కొట్టి, పక్కన ఎత్తైన కర్ర పాతుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వాలు ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. అది ఎక్కడానికే అనుకుంటారు, దిగేటప్పుడే ఎక్కువ కాపాడుతుంది. ఇలాంటి బండ్లలో బ్రేకులు వెనక చక్రాలకే, ఫోర్ వీల్‌లో ఉంటే ముందు చక్రాలు కూడా ఇంజిన్‌తో కలిసి పట్టుకుంటాయి. సైలెన్సర్ పైకి నిటారుగా ఉంటే జీడి కొమ్మలకు తగులుతుంది, ఎండాకాలం ఎండుటాకులతో జాగ్రత్త. రేడియేటర్ ముందు జాలీ చేత్తో ఊడి రావాలి. గడ్డి గింజలు, సరుగుడు ఆకులు పట్టేసి బండి వేడెక్కడం మన దగ్గర రోజూ ఉండేదే. సముద్రం దగ్గర తోటలైతే ఉప్పుగాలికి స్లాషర్ డెక్కు అడుగు ముందు తుప్పు పడుతుంది, ప్రతి కోత తర్వాత కడిగి పెట్టండి. బండి కంపెనీ కంటే మెకానిక్ ముఖ్యం: అనకాపల్లి నుంచో గాజువాక నుంచో ఫోన్ చేసిన రోజే వచ్చేవాడు ఉన్న కంపెనీ మంచి కంపెనీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అంతకుముందు రాయించుకున్న కొటేషన్లు చించేయండి.

అభ్యాసం

ఈసారి పని ఎక్కువే. నాలుగు వెదురు బొంగులతో చట్రం కట్టండి: వెడల్పు నాలుగున్నర అడుగులు, ఎత్తు ఆరడుగులు. దాన్ని ఇద్దరు పట్టుకుని రోడ్డు మీది నుంచి మొదలుపెట్టి డొంక, గేటు, ప్రతి వరస, షెడ్డు దాకా నిలువుగా మోసుకుపోండి. ఎక్కడ ఆగిందో, దేనికి తగిలిందో కాగితం మీద గుర్తు పెట్టండి. ఆగిన చోట కొమ్మ కొట్టాలా, వరస వదిలేయాలా అన్నది అక్కడే నిలబడి రాసుకోండి, ఇంటికొచ్చాక కాదు.

ఆ తర్వాత ఇద్దరు డీలర్లను పిలిచి, స్లాషర్ తగిలించిన బండిని మీ తోటకే తెమ్మనండి. వాన పడ్డ మర్నాడైతే మంచిది. ట్యాంకు నిండుగా పోయించి, అన్నిటికంటే ఎత్తు గడ్డి ఉన్న వాలులో ఒక గంట కోయించండి. మళ్లీ నింపేటప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని సెంట్లు కోసిందో రాయండి. మధ్యలో మీరు సీటెక్కి, చదునుగా ఖాళీగా ఉన్నచోట క్లచ్ తొక్కి చూడండి, బండి ఎంత దూరం పోయి ఆగిందో అడుగులతో కొలవండి. డెమోకి ఒప్పుకోని డీలర్ ఉంటే, ఏ కారణం చెప్పాడో అదీ రాసి పంపండి.