పార్లర్ చోటు మారుస్తున్నారా? కస్టమర్లు చేజారకుండా ఏం చేయాలి?

బెంగళూరులో మారతహళ్లి దగ్గరో, కె.ఆర్.పురంలోనో ఒక్క గది అద్దెకు తీసుకుని సొంతంగా బ్యూటీ పార్లర్ నడుపుతున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసి యజమాని అద్దె పెంచితే, ఏదో ఒక రోజు సామాను సర్దక తప్పదు. పనితనం నచ్చినవాళ్లు ఎక్కడికైనా వస్తారని అందరూ ధైర్యం చెబుతారు. ఆ మాట పూర్తిగా నమ్మకండి. కనుబొమలు రెండు మూడు వారాల్లో మళ్లీ పెరుగుతాయి. ఆ వారం మీ కొత్త చోటు తెలియకపోతే మీ కస్టమర్ పక్క వీధి పార్లర్‌లో కూర్చుంటుంది. అక్కడ పని బాగానే కుదిరితే మీ దాకా రావలసిన అవసరమే ఉండదు. అందుకే చోటు మారాక ఆవిడ మొదటిసారి రావడమే ముఖ్యం. మిగతా ఏర్పాట్లన్నీ దానికోసమే.

ఎప్పుడు మారాలి, ఎప్పుడు చెప్పాలి

వీలుంటే ఆషాఢం చూసుకోండి. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి రద్దీ తగ్గుతుంది. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, ముహూర్తాలు మొదలవుతాయి. కన్నడిగులకూ మనకూ నెలల లెక్క ఒకటే కనుక ఇద్దరి విషయంలోనూ ఇది సరిపోతుంది. ఆషాఢంలో కొత్త చోట పాలు పొంగించవద్దని ఇంట్లో పెద్దలు అంటారు. రంగులు వేయించడానికి, గీజరు బిగించడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. ఆ పనులు ముగించుకుని శ్రావణంలో తలుపులు తెరవండి.

కస్టమర్లకు ఆరు వారాల ముందు నుంచే చెప్పడం మొదలుపెట్టాలి. ఆ గడువులో థ్రెడింగ్‌కు వచ్చేవాళ్లు రెండుసార్లయినా, వ్యాక్సింగ్, ఫేషియల్‌కు వచ్చేవాళ్లు ఒక్కసారైనా మీ ఎదుట కూర్చుంటారు. నోటితో చెప్పిన మాట మెసేజ్ కంటే బాగా గుర్తుంటుంది. పనిలో పనిగా, కుర్చీలోంచి లేవకముందే తర్వాతి రోజు ఖాయం చేసుకోండి: “మళ్లీ ఇరవై రోజులకు కదా మేడమ్? ఆ శనివారం పదకొండింటికి కొత్త చోట మీ పేరు రాసుకోనా?” అద్దంలో చూసుకుని ఆవిడ సంతోషంగా ఉన్న ఆ క్షణంలో అడిగితే కాదనే వాళ్లు తక్కువ.

పుస్తకం, ఫోను, మ్యాప్

ఇన్నాళ్లూ పేర్లు జ్ఞాపకంలోనే ఉంచుకుని ఉంటే ఇప్పుడు ఒక పుస్తకం పెట్టండి. ఫోన్ నంబరు, ఏ వ్యాక్స్ పడదు, జుట్టుకు ఏ నంబరు రంగు, చివరిసారి ఎప్పుడు వచ్చారు, అన్నీ రాసుకోండి. ఇంకొకరి పార్లర్‌లో కుర్చీ అద్దెకు తీసుకుని పనిచేస్తుంటే మాత్రం వాళ్ల రిజిస్టరు జోలికి పోవద్దు. మీ దగ్గరకే వచ్చినవాళ్లను అడిగి నంబరు తీసుకోండి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక జాబితాకు 256 మందే పడతారు. పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. అందరికీ పంపేశాననుకుని నిశ్చింతగా ఉంటే సగంమందికి సంగతే తెలియకపోవచ్చు. అందుకే పార్లర్‌లో ఉండగానే సేవ్ చేయించండి. ఆ నంబరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మార్చకండి.

గూగుల్ మ్యాప్‌లో కొత్త ఖాతా తెరవడం చాలామంది చేసే పొరపాటు. అలా చేస్తే ఇన్నేళ్లూ కూడబెట్టుకున్న రివ్యూలు పాత చిరునామా దగ్గరే ఉండిపోతాయి. ఉన్న ఖాతాలోనే చిరునామా మార్చండి. మళ్లీ ధ్రువీకరణ అడగవచ్చు కాబట్టి దుకాణం వీడియో తీయడానికి సిద్ధంగా ఉండండి. ఈ ఊళ్లో ఐదో క్రాస్, ఏడో మెయిన్ అంటే ఆ వీధిలో ఉండేవాళ్లే తడబడతారు. అందరికీ తెలిసిన గుడి నుంచో బస్‌స్టాప్ నుంచో మీ తలుపు దాకా నడుస్తూ ఒక నిమిషం వీడియో తీసి పంపితే చాలు.

దూరమైపోయేవాళ్లు

పుస్తకంలోని పేర్ల పక్కన ఎవరెక్కడ ఉంటారో రాసి చూడండి. నడిచి వచ్చేవాళ్లతో బెంగ లేదు. సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు దాటి రావలసినవాళ్లు మాత్రం కనుబొమల కోసం రారు. వాళ్లను ఎంత బతిమాలినా మొహమాటానికి ‘సరే’ అంటారు, అంతే. వాళ్లుండే అపార్ట్‌మెంట్లకు వారంలో ఒక పూట కేటాయించి మీరే వెళ్లండి. నలుగురైదుగురు కలిస్తేనే గిట్టుబాటు అవుతుంది. పెళ్లికూతురు మేకప్ వాళ్ల సంగతి వేరు, వాళ్లు దూరం చూడరు. ఇంకా గది వెతుకుతూ ఉంటే, వైట్‌ఫీల్డ్ వైపు మెట్రో పర్పుల్ లైన్ స్టేషన్‌కు దగ్గరలో చూడండి. అక్కడి నీళ్లు కూడా పరీక్షించుకోండి. బోరునీళ్లు ఉప్పగా ఉంటే హెయిర్ స్పా తర్వాత జుట్టు గరుకుగా తగులుతుంది, నింద మీ మీదే పడుతుంది.

ప్యాకేజీకి ముందే డబ్బు కట్టినవాళ్లకు ఎన్ని సిట్టింగులు మిగిలాయో మీరే రాసి పంపండి. అడిగించుకోవద్దు. రాలేనంటే మిగిలిన డబ్బు ఇచ్చేయండి. ప్రారంభం పేరుతో ధరలు తగ్గించడం నాకు నచ్చదు. తగ్గింపు అయిపోగానే పాత ధర కూడా ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని అద్దె పెరిగిందని మొదటి రెండు నెలల్లోనే ధర పెంచకండి.

బోర్డు, లైసెన్సు

పాత షట్టర్ మీద నెల రోజులు కాగితం ఉంచడానికి యజమానిని అడగండి. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులోనూ, ఇస్త్రీ బండి దగ్గరా చెప్పి ఉంచితే మరీ మంచిది. చెట్లకు, స్తంభాలకు ఫ్లెక్సీలు కడితే జరిమానా పడుతుంది. కొత్త బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలని కర్ణాటక 2024లో చట్టం సవరించింది. ట్రేడ్ లైసెన్సు కొత్త చిరునామాకు కావాలి. 2025 సెప్టెంబరులో బెంగళూరు ఐదు నగరపాలికలైంది కాబట్టి మీ వీధి దేని కిందికి వస్తుందో ముందే కనుక్కోండి.

తెరిచిన ఐదు వారాలకు పుస్తకం తీసి, ఇంకా రానివాళ్లకు ఒక్కసారి ఫోన్ చేయండి. దారి తెలియక ఆగినవాళ్లు, తీరిక లేనివాళ్లు ఆ ఫోనుతోనే వస్తారు. తర్వాత కూడా రాకపోతే రెండోసారి చేయకండి. పండగకు శుభాకాంక్షలు పంపితే చాలు.