211 మ్యాక్స్ ఫేజ్ సెరామిక్ తయారీ: పొడి తూకం నుంచి 1200 డిగ్రీల పరీక్ష దాకా

మామూలు సెరామిక్‌ను హ్యాక్‌సా బ్లేడుతో కోయలేం. కానీ టైటానియం, అల్యూమినియం, కార్బన్ 2:1:1 పాళ్లలో కలిసిన 211 ఫేజ్‌ను కోయవచ్చు. చల్లబరిచే నూనె వేయకుండానే హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) బిట్‌తో రంధ్రం కూడా వేయవచ్చు. కరెంటును లోహంలా ప్రవహింపజేస్తుంది, అయినా 1200 డిగ్రీల గాలిలో గంటలకొద్దీ నిలుస్తుంది. ఇది మ్యాక్స్ ఫేజుల కుటుంబానికి చెందింది: ఎం అంటే టైటానియం లాంటి లోహం, ఎ అంటే అల్యూమినియం లాంటి మూలకం, ఎక్స్ అంటే కార్బన్ లేదా నైట్రోజన్. ఈ కుటుంబాన్ని 1960లలో వియన్నాలో నోవోట్నీ బృందం కనిపెట్టింది. అసలు విలువ మాత్రం 1996లో తెలిసింది. ఆ ఏడాది అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో బర్సూమ్, ఎల్-రాఘీ కలిసి ఇదే కుటుంబానికి చెందిన టైటానియం సిలికాన్ కార్బైడ్‌ను శుద్ధంగా, గట్టి ముద్దగా చేసి చూపించారు.

ఈ గుణాలన్నీ పొరల వల్ల వచ్చినవే. టైటానియం, కార్బన్ గట్టిగా అల్లుకున్న పొరల మధ్య ఒక్కో అల్యూమినియం పొర ఉంటుంది. టైటానియం–కార్బన్ బంధం బలమైనది, టైటానియం–అల్యూమినియం బంధం దానికంటే బలహీనం. అందుకే దెబ్బ తగిలినప్పుడు రేణువు పగలకుండా పొరలు జారి మడత పడతాయి. వేడి గాలిలో అల్యూమినియం బయటికి వచ్చి అల్యూమినాగా (అల్యూమినియం ఆక్సైడ్‌గా) మారి పైన కప్పుకుంటుంది. ముద్ద, అల్యూమినా వేడికి దాదాపు ఒకే మేరకు వ్యాకోచిస్తాయి (రెండూ డిగ్రీకి పది లక్షల్లో సుమారు 8 వంతులు), కాబట్టి ఆ కప్పు ఊడి రాదు. రక్షణ ఇచ్చేదీ, తయారీలో ముందుగా ఆవిరై పోయేదీ అల్యూమినియమే. కింద చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా దాన్ని నిలబెట్టుకోవడం కోసమే.

పొడులు, తూకం

టైటానియం పొడి 325 మెష్ (44 మైక్రాన్ల లోపు), అల్యూమినియం పొడి 325 మెష్, టైటానియం కార్బైడ్ పొడి 2–5 మైక్రాన్లు. మూడూ 99.5 శాతం శుద్ధి ఉంటే చాలు. టైటానియం పొడి కొనేటప్పుడు మాత్రం ఆక్సిజన్ ఎంతుందో చూడండి. 0.5 శాతం దాటితే ఆ మేరకు అల్యూమినియం అల్యూమినాగా మారిపోతుంది.

మోలార్ పాళ్లు: టైటానియం 1.15, అల్యూమినియం 1.10, టైటానియం కార్బైడ్ 0.85. 50 గ్రాముల మిశ్రమానికి:

టైటానియం 20.29 గ్రా.
అల్యూమినియం 10.94 గ్రా.
టైటానియం కార్బైడ్ 18.76 గ్రా.

ఇందులో కార్బన్ కావాలనే తక్కువ పెట్టాం. 211 ఫేజ్ కొద్దిపాటి కార్బన్ ఖాళీలను తట్టుకుంటుంది. దాని పక్కనే పుట్టే 312 ఫేజ్‌కు (టైటానియం, అల్యూమినియం, కార్బన్ 3:1:2) కార్బన్ ఎక్కువ కావాలి, కాబట్టి కార్బన్ తగ్గిస్తే 312 వెనకబడుతుంది. అల్యూమినియం 0.10 అదనం ఆవిరయ్యే భాగానికి. దీన్ని 0.2కి పెంచితే ఇంకా భద్రమనిపిస్తుంది గానీ, మిగిలిపోయిన అల్యూమినైడ్లు (టైటానియం–అల్యూమినియం సమ్మేళనాలు) తర్వాత వేడి ఒత్తిడిలో కరిగి బయటికి చిమ్ముతాయి.

కార్బైడ్ బదులు గ్రాఫైట్ పొడి వాడితే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ టైటానియం, కార్బన్ కలిసేటప్పుడు మోలుకు సుమారు 184 కిలోజౌళ్ల వేడి ఒక్కసారిగా వెలువడుతుంది. పొడిని నొక్కి చేసిన బిళ్ల ఉబ్బి, అల్యూమినియం చిమ్మి, మూస (వేడికి ఓర్చే గిన్నె) గోడలకు అంటుకుంటుంది. కార్బైడ్‌గా పెడితే ఆ వేడి ముందే ఖర్చయిపోయి ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లు గ్రాఫైట్ జోలికి పోకపోవడమే మంచిది.

కలపడం

పాలిథీన్ సీసాలో పొడికి రెట్టింపు బరువున్న 5 మి.మీ. జిర్కోనియా గుండ్లు వేసి, ఆర్గాన్ నింపి, నిమిషానికి 60 చుట్ల వేగంతో 18–24 గంటలు తిప్పండి. సీసా సగానికి మించి నిండకూడదు. ఇక్కడ పని కలపడమే, నూరడం కాదు. ప్లానెటరీ మిల్లులో వేగంగా నూరితే అల్యూమినియం రేకులై గుండ్లకు అతుక్కుంటుంది. అంతకంటే ప్రమాదం, తాజాగా విరిగిన టైటానియం పొడి మూత తెరవగానే గాలి తగిలి అంటుకోవచ్చు.

టైటానియం పొడి మంటపై నీళ్లు పోయకూడదు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడకూడదు. పొడి ఇసుక బకెట్ లేదా క్లాస్ డి మంటలార్పే పొడి చేతికి అందేంత దగ్గరలో ఉండాలి. జల్లెడ, గిన్నెలు ఎర్తింగ్ చేసి ఉంచండి. మాస్కు తప్పనిసరి.

బిళ్ల

25 మి.మీ. డైలో 10–12 గ్రాముల పొడి పోసి 5 టన్నుల బలంతో నొక్కండి. అంటే దాదాపు 100 మెగాపాస్కల్ ఒత్తిడి. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) లాంటి అతికించే బైండర్ కలపవద్దు, అది కాలి కార్బన్ మిగిల్చి పైన వేసుకున్న లెక్క చెడగొడుతుంది. డై గోడలకు స్టియరిక్ ఆమ్లం పలచగా రాస్తే సరిపోతుంది. బిళ్ల అడ్డంగా పొరలు విడితే నొక్కుడు ఎక్కువైందని అర్థం. 3 టన్నులకు దించి, బలం మెల్లగా వదలండి. కొలిమిలో పెట్టేముందు 80 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి 0.001 గ్రాముల కచ్చితత్వంతో తూచి రాసి పెట్టుకోండి. ఈ అంకె తర్వాత పనికొస్తుంది.

కొలిమి

అల్యూమినా గొట్టపు కొలిమి, అల్యూమినా మూస, మూసపై మూత. గ్రాఫైట్ మూస వాడితే బిళ్ల అడుగు కార్బన్ పీల్చుకుని కార్బైడ్‌గా మారుతుంది. గొట్టంలో గాలిని పంపుతో లాగేసి ఆర్గాన్ నింపడం మూడుసార్లు చేయండి. ఆర్గాన్ 99.999 శాతం శుద్ధిది కావాలి. అయినా సరే, వాయువు లోపలికి వచ్చే వైపు, వేడి ప్రాంతం అంచున, చిన్న పడవలో కొద్దిగా టైటానియం స్పాంజ్ పెట్టండి. మిగిలిన ఆక్సిజన్‌ను బిళ్లకంటే ముందు అదే పట్టుకుంటుంది.

వేడి పెంచే క్రమం ఇది. 600 డిగ్రీల దాకా నిమిషానికి 5 డిగ్రీలు. 600 నుంచి 800 దాకా నిమిషానికి 2 డిగ్రీలే. అక్కడి నుంచి 1400 దాకా మళ్లీ 5. అక్కడ 2 గంటలు నిలిపి, నిమిషానికి 5 చొప్పున దించండి. అల్యూమినా గొట్టం ఇంతకంటే వేగాన్ని ఓర్చుకోదు, పగులుతుంది.

600–800 మధ్య తొందరపడకూడదు. 660 డిగ్రీల దగ్గర అల్యూమినియం కరిగి టైటానియంతో కలిసి అల్యూమినైడ్లు పుడతాయి. ఈ చర్య వేడిని విడుదల చేస్తుంది. బిళ్ల లోపలి ఉష్ణోగ్రత కొలిమి మీటరు చూపేదానికంటే ఒక్కసారిగా పెరిగిపోతుంది, మీటరుకు అది తెలియదు కూడా. కొలిమి తెరిచాక బిళ్ల గుమ్మడికాయలా ఉబ్బి కనిపిస్తే, చుట్టూ వెండి రంగు చుక్కలుంటే తప్పు ఇక్కడే జరిగింది. 1000 డిగ్రీలు దాటాక అల్యూమినైడ్లు, కార్బైడ్ కలిసి 211 ఫేజ్ ఏర్పడుతుంది. 1300 పైన ఎక్కువసేపు ఉంచితే ఆ 211, మిగిలిన కార్బైడ్‌తో కలిసి 312గా మారడం మొదలవుతుంది.

నిలిపే వేళ ఆర్గాన్ ప్రవాహం నిమిషానికి 100 మిల్లీలీటర్లు చాలు. ఎక్కువ పారితే ఎక్కువ శుభ్రత అనుకుంటారు గానీ, ఆ ప్రవాహమే అల్యూమినియం ఆవిరిని ఊడ్చుకుపోతుంది. శుద్ధ అల్యూమినియం ఆవిరి పీడనం సుమారు 1210 డిగ్రీల దగ్గర 1 పాస్కల్, 1360 దగ్గర 10 పాస్కల్. అంటే 150 డిగ్రీలకు పది రెట్లు. సమ్మేళనంలో ఉన్నప్పుడు ఇంత ఉండదు గానీ పెరిగే తీరు అదే. కాబట్టి చర్య పూర్తి కాలేదేమోనన్న అనుమానంతో 1500కి పెంచడం, 6 గంటలు ఉంచడం రెండూ నష్టమే. ఇదే దశను వాక్యూమ్‌లో చేస్తే నష్టం ఇంకా పెరుగుతుంది.

వాయువు బయటికి పోయే చోట నూనె బబ్లర్ (వాయువు నూనెలోంచి బుడగలుగా పోయే సీసా) ఉంటే, దానికీ గొట్టానికీ మధ్య ఒక ఖాళీ సీసా పెట్టండి. చల్లారేటప్పుడు గొట్టంలో వాయువు కుంచించుకుని నూనెను లోపలికి లాగుతుంది. 100 డిగ్రీలకు దిగేదాకా ఆర్గాన్ ఆపవద్దు.

కొలిమి తెరిచాక

బాగా కుదిరిన బిళ్ల మసక ముదురు బూడిద రంగులో ఉంటుంది. పైన బంగారు రంగు కనిపిస్తే అది టైటానియం నైట్రైడ్. ఎక్కడో గాలి లీకవుతోంది, ఓ-రింగులు చూడండి. తెల్లటి లేదా లేత పసుపు పొర అయితే ఆక్సైడ్.

ఇప్పుడు మళ్లీ తూచండి. అదనంగా వేసిన 0.10 అల్యూమినియం మొత్తం బరువులో దాదాపు 2 శాతం. బరువు 2 శాతం కంటే తక్కువ తగ్గితే లెక్క సరిగ్గా ఉంది. అంతకు మించి తగ్గితే 211లో ఉండాల్సిన అల్యూమినియం కూడా పోయింది, ఎక్స్‌ఆర్‌డీ (ఏ ఫేజ్ ఉందో ఎక్స్-కిరణాలతో చూసే పరీక్ష) తీయకముందే ఫలితం ఊహించవచ్చు. అసలు తగ్గకపోయినా, పెరిగినా సంబరపడవద్దు, అది ఆక్సిజన్ లేదా నైట్రోజన్ బరువు.

ఎక్స్‌ఆర్‌డీని రాగి కె-ఆల్ఫా కిరణాలతో 5 డిగ్రీల కోణం నుంచే మొదలుపెట్టండి. చాలామంది 20 నుంచి తీసి ముఖ్యమైన శిఖరాలనే వదిలేస్తారు. 211 ఫేజ్ తొలి శిఖరం 13 డిగ్రీల దగ్గర, 312 ఫేజ్‌ది 9.5 దగ్గర. ఈ రెండూ 39 డిగ్రీల చుట్టుపక్కల ఒకదానిపై ఒకటి పడి మోసం చేస్తాయి, కింది కోణంలో విడిగా ఉంటాయి. టైటానియం కార్బైడ్ 36, 41.7 డిగ్రీల దగ్గర కనిపిస్తుంది. 312 శిఖరం పెద్దదిగా ఉంటే నిలిపే కాలాన్ని గంటకు తగ్గించండి, మూస మూత సరిగ్గా కూర్చుందో చూడండి. 312 లేకుండా కార్బైడ్, అల్యూమినైడ్ రెండూ మిగిలితే చర్య సగంలో ఆగింది. ఉష్ణోగ్రత సరిపోలేదు, లేదా పొడులు సరిగ్గా కలవలేదు.

గట్టి ముద్ద

ఈ బిళ్ల లోపలంతా రంధ్రాలే. దంచి, 400 మెష్ జల్లెడ పట్టి, స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ యంత్రంలో (కరెంటుతో వేడి చేస్తూ ఒత్తిడితో పొడిని గట్టిపరిచేది) నొక్కాలి. ఆ సదుపాయం హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (పొడి లోహశాస్త్ర పరిశోధన కేంద్రం) లాంటి పరిశోధన సంస్థల్లో ఉంటుంది. 20 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం కావాలంటే 6.5 గ్రాముల పొడి పడుతుంది. రుద్దుడుకు పోయే భాగం కలిపి 8 గ్రాములు పోయండి. గ్రాఫైట్ డై లోపల గ్రాఫైట్ రేకు చుట్టి, 30 మెగాపాస్కల్ ఒత్తిడిలో 1300 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. పైరోమీటర్ (తాకకుండా వేడిని కొలిచేది) డై బయటి గోడను చూస్తుంది, లోపల అంతకంటే వేడిగా ఉంటుంది. పంచ్ అంచుల్లో లోహపు పూసలు కనిపిస్తే 50 డిగ్రీలు తగ్గించండి.

బయటికి తీశాక రెండు ముఖాలనూ అర మిల్లీమీటరు రుద్ది తీసేయండి. గ్రాఫైట్ తగిలిన ఆ పొరంతా కార్బైడే. ఆర్కిమెడిస్ పద్ధతిలో సాంద్రత కొలవండి. 211 ఫేజ్ సిద్ధాంత సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.11 గ్రాములు, 4.03 దాటితే 98 శాతం వచ్చినట్టు. 4.11 కంటే ఎక్కువ వస్తే మాత్రం అనుమానించండి. కార్బైడ్ సాంద్రత 4.93, ముద్దలో అది ఎంత ఎక్కువుంటే అంకె అంత బాగా కనిపిస్తుంది. వికర్స్ కాఠిన్యం (వజ్రపు మొనతో నొక్కి కొలిచే గట్టిదనం) దీన్ని బయటపెడుతుంది: 211కి 4–5 గిగాపాస్కల్, 8 దాటితే కార్బైడ్ గణనీయంగా ఉంది. ఆ ముద్దపై హ్యాక్‌సా బ్లేడు కూడా జారిపోతుంది.

1200 డిగ్రీల పరీక్ష

10×10×2 మి.మీ. ముక్క కోసి 1200 గ్రిట్ కాగితంతో రుద్ది, మూలలు కొద్దిగా మొద్దు చేసి, అసిటోన్‌లో కడిగి తూచండి. ఉపరితలం 2.8 చదరపు సెంటీమీటర్లు. అల్యూమినా గిన్నెలో అంచుపై నిలబెట్టండి, పడుకోబెడితే కింది ముఖానికి గాలి తగలదు. గాలి కొలిమిలో 1200 డిగ్రీల దగ్గర 1, 5, 20, 50, 100 గంటలకు తీసి తూచండి. పైన ఏర్పడింది అల్యూమినా ఒక్కటే అయితే చదరపు సెంటీమీటరుకు 1 మి.గ్రా. పెరుగుదల దాదాపు 5.4 మైక్రాన్ల పొరతో సమానం.

పెరుగుదల మొదటి గంటల్లో వేగంగా ఉండి తర్వాత బాగా మందగించాలి. గంటలకూ బరువుకూ గీసిన గీత వంగకుండా తిన్నగా పైకి సాగుతుంటే కప్పు పగులుతోందని అర్థం. ముక్కపై అక్కడక్కడ పసుపు తెలుపు కురుపుల్లాంటివి లేస్తే, వాటి కింద కార్బైడ్ గడ్డలుంటాయి. కార్బైడ్ ఆక్సీకరణ చెంది రూటైల్‌గా (టైటానియం ఆక్సైడ్‌లో ఒక రూపం) ఉబ్బి పైకప్పును తోసేస్తుంది. పలచటి తొలి రూటైల్ స్ఫటికాలు పైన కొన్ని కనిపించడం మాత్రం మామూలే. 1300 దాటిన పరీక్షల్లో అల్యూమినా, రూటైల్ కలిసి అల్యూమినియం టైటనేట్ ఏర్పడుతుంది. దాని వ్యాకోచం వేరు కాబట్టి చల్లారేటప్పుడు పగుళ్లు తెస్తుంది.

చాలామంది పరీక్షించని ఉష్ణోగ్రత 600. ఇంత తక్కువ వేడిలో ఏమవుతుందిలే అనుకుంటాం గానీ, ఈ ఫేజులు 500–600 డిగ్రీల దగ్గర ఊహించినదానికంటే వేగంగా పాడవుతాయి. అక్కడ అల్యూమినా కప్పు కట్టేంత వేడి ఉండదు. అనటేజ్ రూపంలో టైటానియం ఆక్సైడ్ ఏర్పడి సన్నని పగుళ్లు తెస్తుంది. ఆ పగుళ్లలోంచి ఆక్సిజన్ లోపలికి పోతూనే ఉంటుంది. మీరు చేసే భాగం ఆ వేడిలో నడిచేదైతే, ముందుగానే 1100–1200 డిగ్రీల గాలిలో 2 గంటలు ఉంచి అల్యూమినా కప్పు కట్టించండి. ఆ తర్వాత కోయడం, రుద్దడం చేయవద్దు. చేస్తే ఆ ముఖానికి మళ్లీ అదే వేడి పెట్టాలి.