తొమ్మిది రెట్ల తప్పు

భీమవరం పక్కన ఒక కాలేజీలో పవర్ సిస్టమ్స్ చెబుతాను. మా ఎంటెక్ కుర్రాడి ప్రాజెక్టు, రొయ్యల చెరువులకు వెళ్ళే 11 కేవీ (11 వేల వోల్టుల) ఫీడరు, అంటే కరెంటు లైను. రాత్రిపూట నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి తెల్లవార్లూ నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు తిరగాల్సిందే. లోడంతా అప్పుడే.

కంప్యూటర్లో ఫీడరు చివర వోల్టేజి 0.985 పర్ యూనిట్ అని వచ్చింది, అంటే ఉండాల్సిన దానిలో 98.5 శాతం. తెల్లవారుజామున మూడింటికి చెరువు గట్టు మీద, దోమలు తోలుకుంటూ మీటరు పెడితే ఫేజుల మధ్య 340 వోల్టులే! ఉండాల్సింది 415, అంటే 82 శాతమే. ముందు మీటర్నే అనుమానించాను, పాపం.

రెండు రోజుల టెన్షన్ తర్వాత, "బేస్ ఎంత తీసుకున్నావురా?" అని అడిగాను. బేస్ అంటే పర్ యూనిట్ లెక్కలో ఒకటిగా తీసుకునే విలువ. "33 కేవీ సార్, సబ్‌స్టేషన్‌కి వచ్చేది అదే కదండీ" అన్నాడు. దొరికింది. 100 ఎంవీఏ పవర్ బేస్ మీద 33 కేవీకి బేస్ ఇంపిడెన్స్ (కరెంటుకు లైను అడ్డును దేనితో భాగించి కొలుస్తామో అది) 10.89 ఓములు, 11 కేవీకి 1.21. పెద్ద బేస్‌తో భాగించేసరికి లెక్కలో లైను ఇంపిడెన్స్ తొమ్మిదో వంతుకు కుంచించుకుపోయింది.

బేస్ మార్చి మళ్ళీ నడిపితే 0.84. మిగతా డ్రాప్ ట్రాన్స్‌ఫార్మర్లో, ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) తీగల్లో పోతోంది. ఇప్పుడు ల్యాబులో బేస్ కాగితం మీద రాసి చూపించందే ఎవరినీ కంప్యూటర్ ముట్టుకోనివ్వను.