విశాఖకి కొత్తగా వచ్చినవారికి: పడకగదికి చెక్క బీరువా కొనేముందు

మా ఆయనకి బదిలీ అయి అనంతపురం నుంచి విశాఖ వచ్చేటప్పుడు సామానంతా లారీకెక్కించాం గానీ, పాత ఇనప బీరువాని మాత్రం అత్తగారింట్లోనే వదిలేశాం. కొత్త ఊళ్ళో చెక్కది, చూడముచ్చటైనది కొనుక్కోవాలని నా ఆశ. వచ్చిన నెలలోనే, మేలో కొన్నాం. తెల్లటి తలుపులు, నిలువుటద్దం, లోపల చిన్న లైటు. ఆగస్టులో వరలక్ష్మీ వ్రతానికి పెళ్ళిచీర తీద్దామని తలుపు తెరిస్తే ముక్కిన వాసన గుప్పుమంది. చీర మడతల మీద బూడిద రంగు మచ్చలు. వెనక పలక ఉబ్బి గోడకి అతుక్కుపోయింది. కింది అరని వేలితో నొక్కితే పొట్టు పొట్టుగా రాలింది. అది చెక్క కాదని, రంపప్పొట్టుని జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు అని అప్పుడు తెలిసింది. అమ్మిన షాపువాళ్ళు గోడ చెమ్మకి తమ బాధ్యత లేదన్నారు. ఆ చీర మా అమ్మ ధర్మవరంలో మగ్గం దగ్గర నిలబడి నేయించింది. డ్రైక్లీనింగుకి ఇచ్చినా జరీ అంచు పక్క మచ్చలు పోలేదు. దాన్ని చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

రాయలసీమ, తెలంగాణ వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఇక్కడి గాలి సంగతి ఎవరూ ముందు చెప్పరు. అనంతపురంలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే, ఇక్కడ దానికి రమారమి రెట్టింపు పడుతుంది. అయినా ఇబ్బంది పెట్టేది వాన కాదు, గాలే. చినుకు పడని రోజున కూడా గాలిలో తేమ 70, 80 శాతం ఉంటుంది, దానికి తోడు ఉప్పు. వంటింట్లో ఉప్పుజాడీ చెమ్మగిల్లుతుంది, వేయించిన అప్పడాలు ఆ పూటకే మెత్తబడతాయి. చెక్క కూడా అంతే, గాలిలో తేమని బట్టి పీలుస్తూ, వదులుతూ ఉంటుంది. ఎండు ఊళ్ళో బరువులో 8 శాతం తేమతో ఉన్న చెక్క ఇక్కడ వానాకాలానికి 14, 15 శాతానికి చేరుతుంది. పొడవు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న బీరువా తలుపులు జూలైకల్లా బిగుసుకుపోయాయని చాలామంది అనేది అందుకే. సామానులో మంచి టేకు బీరువా ఉంటే భయపడకుండా తెచ్చుకోండి, తలుపుల చుట్టూ సందు ఉందో లేదో మాత్రం చూసుకోండి. బోర్డుతో చేసినదైతే లారీ కిరాయి కూడా దండగ.

బీరువా చూడ్డానికి వెళ్ళేముందు అది పెట్టబోయే గోడని చూడండి. ఇది నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట. మనవాళ్ళందరం నైరుతి మూలకే పెడతాం. నేనూ అక్కడే పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది. కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానగాలి వచ్చేదీ నైరుతి నుంచే. ఆ మూలన ఉన్న రెండు గోడలూ బయటి గోడలైతే వాన నేరుగా వాటినే కొడుతుంది. అరచేయి గోడకి ఆనించి ఓ నిమిషం ఉంచండి. పక్క గోడకంటే చల్లగా అనిపించినా, పెయింటు పొక్కులు లేచినా, కింద తెల్లటి ఉప్పు పూత కనిపించినా ఆ గోడలో చెమ్మ ఉన్నట్టే. అద్దె ఇల్లయితే ఓనరు గారితో ముందే మాట్లాడి బయటివైపు పగుళ్ళు పూడ్పించుకోండి. వాస్తు మార్చక్కర్లేదు. గోడకీ బీరువాకీ మధ్య మూడంగుళాల సందు వదిలితే చాలు, చెయ్యి దూరేంత. ఆ సందులో గాలి ఆడుతుంది. పక్క గోడ వైపు కూడా ఓ రెండంగుళాలు వదలండి. చీపురు పెట్టి ఆ సందు దులపడం వారానికో పని అవుతుంది, నిజమే, కానీ బట్టలు దక్కుతాయి.

ఇక చెక్క. టేకు కొనగలిగితే టేకే కొనండి. దాని చేవలో, అంటే మాను మధ్యలోని ముదురు రంగు కర్రలో, ఉండే నూనె వల్ల నీటికి, పురుగుకి త్వరగా లొంగదు. అడితిలో బల్హార్షా టేకు, ఘనా టేకు, నాటు టేకు అని రకరకాలు చెబుతారు, ధరలు కూడా పేరుని బట్టే మారతాయి. పేరు కంటే చేవ చూడాలని నాకు నేర్పింది కంచరపాలెంలో ఒక పెద్ద మేస్త్రీ. రెండోసారి బీరువా ఆయన చేతనే చేయించుకున్నాను. కర్ర కొనడానికి వెళ్ళినప్పుడు ఆయన ఒక పలకని నిలబెట్టి, దాని కోసిన చివర నాకు చూపించారు. మధ్యలో తేనెరంగు, అంచున బొటనవేలు మందాన తెలుపు. “ఈ తెల్లదుంది చూశారా అమ్మా, పాలిష్ కొట్టేస్తే దీన్నీ దాన్నీ పోల్చలేరు. పురుగు మాత్రం పోలుస్తుంది, దీన్నే తింటుంది” అన్నారు. తర్వాత ఓ మూల చిత్రిక పట్టి ఆ పొట్టు నా అరచేతిలో పోశారు. తోలు వాసనలాంటి ఘాటు వాసన, వేళ్ళకి కాస్త జిడ్డు. “ఈ జిడ్డే దీని ఆస్తి” అన్నారు. ఆ రోజు నుంచి ఏ షాపులోనైనా పాలిష్ లేని చోటు, అంటే అరల కిందివైపో సొరుగు వెనకో, చూపించమని అడుగుతాను. చూపించకపోతే లేచి వచ్చేస్తాను.

మామిడి కర్ర చవక, కానీ పురుగు తొందరగా పడుతుంది. రబ్బర్‌వుడ్ మందు పట్టించినదైతేనే తీసుకోండి, లేకపోతే బూజు దాన్ని వదలదు. వేప బాగా ఆరినదైతే మంచిదే. ఏ కర్రయినా పచ్చిగా ఉంటే మాత్రం వద్దు. తేమ కొలిచే చిన్న మీటరు చాలామంది మేస్త్రీల దగ్గర ఉంటోంది, రెండు సూదులు గుచ్చితే అంకె చూపిస్తుంది. 12 నుంచి 14 వస్తే ఈ ఊరి గాలికి సరిపోయినట్టే. 20 దాటితే అది ఆరేటప్పుడు మెలి తిరగడం ఖాయం.

టేకు అందుబాటులో లేకపోతే ప్లైవుడ్ తీసుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. పైగా ప్లైలో పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా అంటించి ఉంటాయి కాబట్టి మామూలు చెక్కలా ఉబ్బదు. అయితే షాపులో “కమర్షియల్” అనేది గాలిలో తేమని కొంతవరకే తట్టుకుంటుంది, నీళ్ళకి ఆగదు. మెరైన్ ప్లై అడగండి, దాని మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 710 అని ముద్ర ఉండాలి. అన్నీ మెరైన్‌తో చేయించే స్తోమత లేకపోతే అడుగుపలక, వెనకపలక మాత్రమైనా దానితో చేయించండి. చెమ్మ మొదట పట్టేది అక్కడే. కోసిన అంచులన్నిటికీ, కంటికి కనపడని కింది అంచుకి కూడా, పట్టీ అంటించమనండి.

పాలిష్ గురించి ఒక్క మాట. లోపల, వెనక కూడా వేయించండి. బయట ఒక్కవైపే వేస్తే ఆ వైపు తేమ ఆగుతుంది, లోపలివైపు పీలుస్తుంది, తలుపు దోనెలా వంగుతుంది. పనివాళ్ళు “లోపల ఎవరు చూస్తారండీ” అంటారు, ఒప్పుకోకండి. లక్కతో వేసే పాత స్పిరిట్ పాలిష్ తేమకి తెల్లబారుతుంది, ఇక్కడికి పీయూ (పాలీయురేథేన్) పాలిష్ నయం.

బందులకీ స్క్రూలకీ ఇత్తడిగానీ 304 రకం స్టీలుగానీ అడగండి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అనుకుంటారు, చవకైన 202 రకానికీ అంటుకోదు. లాసన్స్ బే, రుషికొండ, భీమిలి వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళు దీని దగ్గర అసలు రాజీ పడొద్దు. తుప్పు నీళ్ళు కారి తెల్లచీర మీద పడితే ఆ మరక పోదు.

కొలతలు త్వరగా చెప్పేస్తాను. హ్యాంగరు 17, 18 అంగుళాల వెడల్పు ఉంటుంది కాబట్టి లోతు లోపల 22 అంగుళాలకి తగ్గకూడదు. ఒక్కో తలుపు 20 అంగుళాలు మించితే బరువుకి జారుతుంది. ఒక్కో అర పొడవు రెండున్నర అడుగులు మించితే చీరల బరువుకి నడుము వంగుతుంది. మంచానికీ బీరువాకీ మధ్య తలుపు తెరిచి మనిషి నిలబడేంత, రెండున్నర అడుగులైనా ఉండాలి. పక్కకి జరిగే తలుపులు చోటు కలిసొస్తుందని పెట్టిస్తున్నారు గానీ, పట్టాల్లో ఉప్పు, దుమ్ము చేరి గీరుకుంటాయి. అపార్ట్‌మెంట్ లిఫ్టు కొలత ముందే తీసుకోండి. అద్దెకుండేవాళ్ళు విడదీసి బిగించే రకమే చేయించుకోండి.

కాళ్ళు తప్పనిసరి. నేల నుంచి నాలుగంగుళాలైనా ఎత్తు ఉండాలి, కాళ్ళ కింద గట్టి రబ్బరు బుష్షులు. చెదలు మట్టితో దారి కట్టుకునే పైకి వస్తాయి, ఎత్తుంటే ఆ దారి కంటపడుతుంది, తుడిచేయొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి గదుల్లోకి వాన కొట్టిందట. ఎదురింటి పిన్నిగారు ఇప్పటికీ చెబుతారు, నేలకి ఆనించి ఉన్న బీరువా అడుగు చెడిపోయిందని, కాళ్ళున్నది నిలిచిందని.

రెడీమేడ్ మంచిదా, చేయించడం మంచిదా అని అడుగుతుంటారు. నేను చేయించడం వైపే ఉంటాను. ఈ ఊరి చెక్కపని పేరు ఇప్పటిది కాదు. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్ళు రోజ్‌వుడ్ మీద ఏనుగు దంతం తాపడం చేసిన పెట్టెలు, కుర్చీలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాకా వెళ్ళాయి. ఇప్పటి మేస్త్రీలకీ ఈ గాలి చిన్నప్పటి నుంచి తెలుసు. డబ్బు ఒకేసారి ఇవ్వకండి, చివరి మూడో వంతు డబ్బు పాలిష్ పూర్తయ్యాక ఇస్తామనండి. కర్ర కొనేటప్పుడు మీరూ వెంట వెళ్ళండి.

బట్టలు సర్దేటప్పుడు పట్టుచీరల్ని ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, పాత నూలు పంచెలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలకుండా గుడ్డలో మూటకట్టి మూలన ఉంచండి. వానాకాలంలో ఎండ కాసిన రోజు మధ్యాహ్నం తలుపులు బార్లా తీసి ఫ్యాను వేయండి. జనవరిలో గాలి కాస్త పొడిగా ఉంటుంది, అప్పుడు అన్నీ బయటికి తీసి నీడన ఆరేసి, మడతలు మార్చి పెట్టుకోండి.

మొదటి జూలైలో తలుపు బిగుసుకుంటే టెన్షన్ పడి వెంటనే చిత్రిక పట్టించకండి. అప్పుడు తీయించేస్తే జనవరికి చెక్క తగ్గి వేలు దూరేంత సందు వస్తుంది, ఆ సందులోంచే బొద్దింకలు వస్తాయి. రాసుకునే చోట కొవ్వొత్తి మైనం రుద్ది ఆ నాలుగు నెలలు గడపండి. జనవరిలో కూడా బిగుతుగానే ఉంటే అప్పుడు మేస్త్రీని పిలవండి.