121.5లో కూత వినిపిస్తే

మా మేనకోడలిది నరసన్నపేట. వేరే రాష్ట్రంలో విమానం నడపడం నేర్చుకుంటోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా విజయనగరంలో, మూడు లాంతర్ల కూడలికి దగ్గర్లో ఉన్న మా ఇంటికి వచ్చి ఒక పూట ఉండి వెళ్తుంది. మొన్న కాఫీ తాగుతూ అడిగింది. "మావయ్యా, రెండో రేడియో 121.5లో పెట్టి ఉంచమని అందరూ చెబుతారు. అందులో కూత వినిపిస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు." 121.5 మెగాహెర్ట్జ్ అంటే ఆపదలో ఉన్న విమానాల పిలుపుల కోసం ఉంచిన రేడియో ఫ్రీక్వెన్సీ. చాలా ఏళ్లు శిక్షకుడిగా పనిచేసిన నాకు సిగ్గేసింది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో సగం మందికి నేనూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

విమానం నేలను గట్టిగా ఢీకొంటే తోక భాగంలో ఉండే ఈఎల్‌టీ అనే చిన్న పెట్టె దానంతట అదే పనిచేయడం మొదలుపెడుతుంది. ఇప్పటి పెట్టెలు రెండు రకాలుగా అరుస్తాయి. 406 మెగాహెర్ట్జ్‌లో సుమారు 50 సెకన్లకోసారి అర సెకను పాటు, 5 వాట్ల శక్తితో ఉపగ్రహాలకు కబురు పంపుతాయి. 121.5లో మాత్రం ఆగకుండా కూస్తూనే ఉంటాయి, కాకపోతే శక్తి వాటులో పదో వంతు ఉంటే గొప్ప. ఒకప్పుడు ఉపగ్రహాలు ఈ 121.5ను కూడా వినేవి. 1982 సెప్టెంబరులో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూలిన చిన్న విమానం నుంచి ముగ్గురిని కాపాడింది అలా ఒక సోవియట్ ఉపగ్రహం విన్న కూతే. కానీ తప్పుడు కూతలు మరీ ఎక్కువైపోవడంతో 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5ను వినడం మానేశాయి. పాత పెట్టె ఒక్కటే ఉన్న విమానం కూలితే ఆ కూత ఇప్పుడు చేరేది మనలాంటివాళ్ల చెవులకే. అందుకే రెండో రేడియో ఖాళీగా ఉన్నంతసేపూ 121.5 మీదే ఉండాలి. వాతావరణం వినాల్సి వస్తే విని, మళ్లీ వెనక్కి తిప్పాలి. నా విద్యార్థులు మరిచిపోయేది ఈ వెనక్కి తిప్పడమే.

కూత ఎలా ఉంటుంది? సిరిమాను జాతరలో పిల్లలు కొనుక్కునే పుల్ల లాగే ఈల గుర్తుందా? పుల్ల లోపలికి తోసి బయటికి లాగుతూ ఊదితే స్వరం పైనుంచి కిందికి జారుతుంది. ఇదీ అంతే. సెకనుకు రెండు నుంచి నాలుగు సార్లు జారుతుంది, మళ్లీ పైనుంచి మొదలవుతుంది. ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. అనుమానంగా, ఎక్కడో దూరంగా ఉన్నట్లు అనిపిస్తే స్క్వెల్చ్ (రేడియో హోరు వినపడకుండా ఆపేది) తీసేయండి. హోరు చెవులు పగలగొడుతుంది, ఓర్చుకోండి. బలహీనమైన కూత ఆ హోరు అడుగునే ఉంటుంది.

వినిపించగానే మొదటి అనుమానం మీ విమానం మీదే పెట్టుకోండి. ప్యానెల్ మీద ఈఎల్‌టీ మీట, దాని పక్కన దీపం ఉంటాయి. దీపం వెలుగుతోందేమో చూడండి. ఎంత దూరం వెళ్లినా, ఎటు తిరిగినా కూత ఒక్కలాగే గట్టిగా వినిపిస్తుంటే అది మీ తోకలోదే కావచ్చు. కాదని తేలాక మోకాలికి కట్టుకున్న ప్యాడ్ మీద సమయం, ఉన్న చోటు, ఎత్తు రాయండి. తర్వాత ఏటీసీకి, అంటే నేల మీది విమాన నియంత్రణ కేంద్రానికి చెప్పండి. మొదట ఎక్కడ వినిపించింది, ఎక్కడ బాగా గట్టిగా వినిపించింది, ఎక్కడ ఆగిపోయింది, అప్పుడు మీ ఎత్తు ఎంత, ఏ ఫ్రీక్వెన్సీ. వాళ్లకు కావలసింది ఇంతే. మూడూ తెలిసేదాకా ఆగకండి. మొదటిది తెలియగానే చెప్పేసి, మిగతావి తెలిసినప్పుడు చెప్పండి. అక్కడి నుంచి కబురు చెన్నై, కోల్‌కతా, ముంబయి, ఢిల్లీల్లో ఉన్న రక్షణ సమన్వయ కేంద్రాల్లో ఒకదానికి వెళ్తుంది. 406 కూత కూడా వచ్చి ఉంటే బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి అప్పటికే తెలిసి ఉంటుంది. అయినా మీరు చెప్పేది వృథా కాదు. పెట్టెలో జీపీఎస్ లేకపోతే ఉపగ్రహం చూపించే చోటు కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు.

"గట్టిగా వినిపించిన చోటే విమానం ఉంటుందా?" అని అడిగింది మా పిల్ల. ఇక్కడే చాలామంది పొరబడతారు. మన రేడియో కూత బలాన్ని బట్టి లోపల సర్దుకుంటుంది, దగ్గరైనా దూరమైనా చెవికి దాదాపు ఒకే మోత వినిపిస్తుంది. అందుకే నేను గట్టితనాన్ని అంతగా నమ్మను. కూత మొదలైన చోటు, ఆగిన చోటు, ఈ రెండే నమ్ముతాను.

నమ్మడం ఎలాగో చూపించడానికి లోపలి నుంచి స్టీలు కంచం తెచ్చి, పాత క్యాలెండరు వెనక బోర్లించి, అంచు చుట్టూ పెన్సిలుతో గీశాను. కంచం తీసేసి, "ఈ గుండ్రానికి నడిమి ఎక్కడ?" అన్నాను. ఆమె వేలు పెట్టిన చోటు అర అంగుళం తప్పింది. గుండ్రానికి అడ్డంగా ఒక గీత గీయించాను. దాని సరిగ్గా మధ్య నుంచి నిలువుగా మరో గీత గీయించి, అది గుండ్రం అంచును తాకే రెండు చోట్లా చుక్కలు పెట్టించాను. ఆ రెండు చుక్కలకూ సరిగ్గా మధ్యలో ఉన్నదే నడిమి. కూత వినిపించే మేర కూడా అలాంటి కంచమే, దాని నడిమిన కూసే పెట్టె ఉంటుంది.

మన తీరం మీదే చూడండి. 5,000 అడుగుల్లో ఉత్తరానికి వెళ్తున్నారు. భీమునిపట్నం దగ్గర కూత మొదలైంది, బారువ దగ్గర ఆగిపోయింది. రెంటికీ మధ్య గార దగ్గర పడుతుంది. అంతమాత్రాన విమానం గారలో ఉన్నట్లు కాదు. గార మీదుగా తీరానికి అడ్డంగా పోయే గీత మీద ఎక్కడో ఉంది. ఆమదాలవలస దాటి పాలకొండ వైపు ఉండవచ్చు, కళింగపట్నం దక్షిణాన సముద్రంలోనూ ఉండవచ్చు. ఆ గీత వెంట ఒక వైపు కూత ఆగిపోయేదాకా వెళ్లి, వెనక్కి తిరిగి రెండో వైపు ఆగిపోయేదాకా వెళ్తే, ఆ రెంటి మధ్యలో దొరుకుతుంది. ఎత్తు మాత్రం మార్చకూడదు. ఎత్తు మారితే కంచమే మారిపోతుంది.

అయితే ఈ రెండో గీత ఏటీసీ అడిగితేనే, ట్యాంకులో ఇంధనం ఉంటేనే. మన పశ్చిమాన ఉన్నవి తూర్పు కనుమలు, మబ్బులు దిగితే శిఖరాలు కనిపించవు. వెతకడానికి వెళ్లి రెండో కూత మొదలుపెట్టకండి.

కొండ అడ్డం వస్తే కూత కూడా ఉన్నట్టుండి ఆగిపోతుంది. అప్పుడు కంచం ఒక వైపు విరిగినట్లే, లెక్క తప్పుతుంది. నీళ్లలో మునిగిన పెట్టె కూత అసలు పైకి రాదు. 2016 జులై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయలుదేరిన వాయుసేన విమానం ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వాళ్లలో 8 మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు, మన వైపు వాళ్లు. సముద్రంలో 3,400 మీటర్ల లోతున ఆ శకలాలు కనిపించిన కబురు 2024 జనవరిలో కానీ రాలేదు. కూత వినిపించలేదు కాబట్టి ఏమీ జరగలేదని ఏటీసీతో ఎప్పుడూ అనకండి. వినిపించలేదని మాత్రమే అనండి.

ఇక నా సంగతి. ఒక మధ్యాహ్నం విద్యార్థితో గాలిలో ఉండగా కూత వినిపించింది. గొంతు సవరించుకుని మరీ ఏటీసీకి చెప్పాను. పటం మీద గీతలు గీయించాను, విద్యార్థి కళ్లలో నా మీద గౌరవం పెరగడం కనిపిస్తూనే ఉంది. రెండో గీత మధ్యకు వచ్చేసరికి కింద కనిపించింది మా రన్‌వే.

దిగాక హ్యాంగర్‌లో చూస్తే అయిదు విమానాలు, అన్నీ ఒకే రకం. చేతి రేడియో నిండా కూతే, ఎటు తిప్పినా ఒకటే మోత, చుట్టూ రేకు గోడలు కదా. అప్పుడు మా ఇంజినీరు చేసింది చూసి నేర్చుకున్నాను. ముందు రేడియో యాంటెన్నా ఊడదీశాడు. కూత సన్నబడింది. రేడియోను ఛాతీకి ఆనించి పట్టుకుని, నిలుచున్న చోటే మెల్లగా తిరిగాడు. ఒక వైపు తిరిగేసరికి కూత దాదాపు పోయింది. "ఇప్పుడు నా వీపు వెనక ఉంది, నా ఒళ్లే దానికి అడ్డం" అన్నాడు. అటు నాలుగడుగులు నడిచి మళ్లీ తిరిగాడు. మూడోసారికి ఒక తోక ముందు ఆగాడు. పొద్దున నేనే దింపిన విమానం. గట్టిగానే దింపానని నాకు తెలుసు, పెట్టె నిద్రలేచిందని మాత్రం తెలియదు.

మీట ఆపి, వెంటనే ఏటీసీకి ఫోను చేసి నా తప్పేనని చెప్పాను. అవతలి ఆయన నవ్వలేదు. సమయం అడిగి రాసుకున్నాడు, అంతే. పొరపాటున మోగితే ఆపేసి ఊరుకోవడం అన్నిటికన్నా చెడ్డ పని. కూత ఆగిపోయిందంటే, వెతికేవాళ్లు బ్యాటరీ అయిపోయిందని అనుకోవచ్చు, విమానం మునిగిపోయిందనీ అనుకోవచ్చు. మీరు చెప్పేదాకా వాళ్లు వెతుకుతూనే ఉంటారు.

ఆ రోజు నుంచి ఇంజన్ ఆపే ముందు రేడియోను 121.5కి తిప్పి పది సెకన్లు వింటాను, మెత్తగా దిగినా సరే. మా పిల్ల తన చెక్‌లిస్టు చివర పెన్సిలుతో ఆ ముక్క రాసుకుని, కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.