క్యాంపర్ ట్రైలర్‌కు కార్బన్ ఫైబర్ తొడుగు ఎలా వేయాలి?

సొంతంగా కట్టుకున్న క్యాంపర్ ట్రైలర్‌కు (కారు వెనక లాక్కెళ్లే చిన్న బస బండికి) పైతొడుగుగా కార్బన్ ఫైబర్ వేయాలనే ఆలోచన మంచిదే. గ్లాస్ ఫైబర్ పోగుతో పోలిస్తే కార్బన్ పోగు బిగువు, అంటే సాగకుండా, వంగకుండా నిలిచే గుణం, దాదాపు మూడు రెట్లు. పలుచని గోడలకు తక్కువ బరువుతోనే ఆ బిగువు వస్తుంది. కానీ చాలామంది దీన్ని నల్లటి నేత కనిపించాలన్న మోజుతో ఎంచుకుంటున్నారు. అందం కోసమే అయితే ఈ ఖర్చు పెట్టవద్దు. గ్లాస్ ఫైబర్ వేసి రంగు పూసుకోండి.

సామగ్రి సంగతి త్వరగా ముగిద్దాం. చదరపు మీటరుకు 200 గ్రాముల ట్విల్ నేత (ఏటవాలు గీతల నేత) కార్బన్ బట్ట, ఎపాక్సీ రెసిన్ (బట్టను గోడకు అంటించే ద్రవ జిగురు), దాన్ని నెమ్మదిగా గట్టిపరిచే హార్డెనర్, గ్రాముల దాకా చూపే తూకం యంత్రం, రోలర్లు, రబ్బరు పలక, పీల్ ప్లై బట్ట (రెసిన్ గట్టిపడ్డాక ఊడదీసే పైబట్ట), నైట్రైల్ చేతి తొడుగులు, ఆవిర్లను, ధూళిని ఆపే మాస్కు. పాలియెస్టర్ రెసిన్ చవక అని ఎవరైనా చెబితే వినవద్దు. అది చెక్కకు ఎపాక్సీ అంత గట్టిగా పట్టదు. గోడలో పాలిస్టైరీన్ ఫోమ్ ఉంటే దాన్ని కరిగించేస్తుంది కూడా.

మొదటి దశ: గోడ సిద్ధం చేయడం. ప్లైవుడ్‌ను 80 నంబరు శాండ్ పేపర్‌తో రుద్ది, గుంటలు పూడ్చి, దుమ్ము తుడవండి. అంచులన్నీ గుండ్రంగా చేయండి. పదునైన మూలమీద ఈ బట్ట కూర్చోదు, పైకి లేస్తుంది. కనీసం 10 మిల్లీమీటర్ల వంపు ఉండాలన్నది నా నియమం. కిటికీల రంధ్రాలు ఇప్పుడే కోయకండి, తొడుగు పడ్డాక కోయవచ్చు. గోడలను బండికి బిగించకముందే నేలమీద పడుకోబెట్టి పని చేయండి. నిలువు గోడమీద తడిసిన బట్ట జారుతుంది.

రెండో దశ: బట్టను రెసిన్‌తో తడపడం. పని పాడయ్యేది ఇక్కడే. గ్లాస్ ఫైబర్ బట్ట తడవగానే పారదర్శకంగా మారుతుంది కాబట్టి ఎక్కడ పొడిగా ఉందో కంటికే తెలుస్తుంది. కార్బన్ పొడిగా ఉన్నా నలుపే, తడిసినా నలుపే. పైన నిగనిగలాడుతూ కింద పొడిగా ఉండిపోయిన బట్ట గోడకు అంటుకోదు. ఆ సంగతి కొన్ని నెలల తర్వాత, ఎండకు బుడగలు లేచినప్పుడు బయటపడుతుంది.

అందుకే రెసిన్ ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలి. పొడి బట్టను పరిచి పైనుంచి పోసే పద్ధతిని చాలామంది చూపిస్తారు. గ్లాస్‌కు అది చెల్లుతుంది, కార్బన్‌కు చెల్లదు. ముందుగా ప్లైవుడ్‌కు పలుచగా ఒక పూత వేసి, చెక్క తాగాల్సినంత తాగనివ్వండి. ఈ పూత సాయంత్రం, వేడి తగ్గుతున్నప్పుడు వేయండి. చెక్కలోని గాలి అప్పుడు కుంచించుకుని రెసిన్‌ను లోపలికి లాగుతుంది. పొద్దున వేస్తే వేడికి అదే గాలి వ్యాకోచించి పూతలో బుడగలుగా పొంగుతుంది.

పూత జిగురుగా ఉండగానే రోలర్‌తో మరో పొర రెసిన్ పూసి, దానిమీద బట్టను మధ్యనుంచి అంచులకు పరచండి. చేతితో ఒత్తుతూ పోతే రెసిన్ నేతలోంచి పైకి ఊరుతుంది. అప్పుడు గది వెలుతురు తగ్గించి టార్చిని గోడకు దాదాపు ఆనించి, ఏటవాలుగా వెలుగు వేయండి. తడిసిన చోట నలుపు గాఢంగా మెరుస్తుంది, పొడి చోట బూడిదరంగు తేలుతుంది. ఆ మచ్చలమీద మాత్రమే కొంచెం రెసిన్ అద్దండి. ఈ పరీక్షను అంగుళం వదలకుండా చేయాలి.

రెసిన్ ఎక్కువైనా చేటే. బట్ట బరువుకు సమానమైన బరువు రెసిన్ చాలు, అంటే చదరపు మీటరుకు సుమారు 200 గ్రాములు, చెక్క తాగేది కాక. అంతకు మించితే బట్ట రెసిన్‌లో తేలుతుంది, బరువు పెరుగుతుందే తప్ప బలం పెరగదు. రబ్బరు పలకతో తేలికగా లాగండి. గట్టిగా లాగితే నేత చెదురుతుంది, రెసిన్ అంతా పోతుంది. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ పెంచవద్దు. తయారీదారు చెప్పిన నిష్పత్తి తప్పితే అది సరిగా గట్టిపడదు. కలిపిన రెసిన్‌ను లోతైన గిన్నెలో ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో పోయండి. గిన్నెలో ఉంటే తనలో పుట్టిన వేడికే పొగలు కక్కుతుంది.

వాక్యూమ్ సంచి (లోపలి గాలి లాగేసి బట్టను గోడకు నొక్కే ప్లాస్టిక్ సంచి) లేకుండా ఈ పని చేయకూడదని వాదించేవారున్నారు. అచ్చుల్లో చిన్న భాగాలకు అది ఎంతో మేలు. ఇంట్లో చేసే పెద్ద ప్లైవుడ్ గోడకు మాత్రం అంచులగుండా గాలి కారుతూనే ఉంటుంది, ఆ రంధ్రాలు వెతికేలోపు రెసిన్ గట్టిపడుతుంది. చేత్తో వేసి, పైన పీల్ ప్లై పరిచి ఒత్తడమే నాకు సరైన పద్ధతి. మర్నాడు అది ఊడదీస్తే తర్వాతి పూతకు గరుకైన, శుభ్రమైన ఉపరితలం దొరుకుతుంది.

మూడో దశ: పరీక్ష, అమరికలు. పూర్తిగా గట్టిపడ్డాక నాణెంతో తడుతూ గోడంతా వెళ్లండి. బోలుగా మోగిన చోట చిన్న రంధ్రం చేసి, సిరంజితో రెసిన్ ఎక్కించి బరువు పెట్టండి. రుద్దేటప్పుడు నీళ్లతో రుద్దండి. కార్బన్ ధూళి ఊపిరికి చెడ్డది, విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి యంత్రాల మోటార్లకూ చేటే. ముందువైపు గోడమీద, రాళ్లు ఎగిరి తగిలే చోట, ఒక పొర గ్లాస్ ఫైబర్ అదనంగా వేయండి. అది తెగేలోగా కార్బన్ కంటే ఎక్కువ సాగుతుంది.

అల్యూమినియం కిటికీ చట్రాలు, రివెట్లు కార్బన్‌కు నేరుగా తగలకూడదు. తేమ చేరితే ఆ రెండూ బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం తినివేయబడుతుంది. చట్రం కింద గ్లాస్ ఫైబర్ పట్టీ వేసి సీలెంట్ పెట్టండి, రివెట్ల బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ మరలు వాడండి. రేడియో, జీపీఎస్ యాంటెన్నాలు బయటే బిగించండి. కార్బన్ గోడలు సంకేతాలను అడ్డుకుంటాయి.

నాలుగో దశ: రంగు. అతినీలలోహిత కిరణాలకు ఎపాక్సీ చెడిపోతుంది కనుక ప్రైమర్ పైన రెండు భాగాల పాలియురేథేన్ రంగు తప్పనిసరి. అది తెల్లదే కావాలి. మామూలు గది వేడిమిలో గట్టిపడే ఎపాక్సీల్లో చాలావాటికి 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడే గుణం ఉంటుంది, ఎండలో నల్లటి గోడ 70 డిగ్రీలు దాటగలదు. రంగుకు ముందు ఎపాక్సీని కనీసం వారం రోజులు నీడలో ఆరనివ్వండి. రంగు డబ్బామీద రాసిన గడువు పూర్తయ్యే దాకా ట్రైలర్‌ను ఎండలోకి తీయవద్దు.